షెడ్డు కుడి

వంటగది బల్ల దగ్గర,
మార్చి 3

అన్నయ్యకి,

వదిన రాసిన కార్డు అందింది. గొంతు కుట్లు మానాయనీ, మాట మాత్రం ఇక రాదని డాక్టరు తేల్చి చెప్పేశాడనీ రాసింది. నువ్వేమో ఆయనకి పలక మీద "పోతే పోయింది, ఇన్నాళ్లు అరిచి ఏం సాధించాను" అని రాసి చూపించావట. చదివి నవ్వాను. తర్వాత గిన్నెలు తోముతూ ఏడ్చాను. నీ అరుపులు వినకుండా ఆ షెడ్డు ఎలా ఉంటుందో ఊహకి అందడం లేదు.

ఇక అసలు సంగతి. మన ముసలాయనకి ఒంట్లో బాగాలేదు. పంతొమ్మిదేళ్ల బండికి ఏదో ఒకటి ఉంటూనే ఉంటుంది గానీ, ఇది వేరు. స్టీరింగ్ నిలకడగా ఉండటం లేదు. జనవరిలో సర్వీసు కూడా చేయించాను. ఇక్కడి మెకానిక్ మంచివాడే. ముక్కు చివర కళ్లద్దాలు పెట్టుకుని ప్రతి బోల్టునీ పుస్తకం చదివినట్టు చూస్తాడు. పోయిన ఏడాది బండి నీ దగ్గరికి తెచ్చినప్పుడు ముందు అద్దం పైనుండే ఎండ తెర వెనక నువ్వొక కార్డు అంటించావు కదా, అందులో ఉన్నవన్నీ వరసగా చేయించాను. "కుడి టై రాడ్ ఎండ్‌కి ఆయుష్షు తక్కువ, వచ్చే సర్వీసులో మార్చాలి" అన్నచోట వేలు పెట్టి మరీ చదివి వినిపించాను. చక్రాన్ని స్టీరింగ్ కడ్డీతో కలిపే కీలు అదే కదా. మార్చాడు. అయినా బండి కుదుటపడలేదు.

అన్నట్టు, అత్తయ్య స్నానాల గదిలో కాలు జారి పడింది. కుడి మణికట్టు విరిగింది. కట్టు కట్టారు. కంగారు పడకండి. మీ బావ ఓడ దిగేది జూన్‌లో. అంతదాకా ఈ ఇంట్లో మా ఇద్దరికీ కలిపి మూడు చేతులు.

బండి అమ్మేద్దామా అని ఆలోచిస్తున్నాను. కొండ ఊళ్లకి వినికిడి యంత్రాలు తీసుకెళ్లే పని కూడా ఇంకొకరికి అప్పజెప్పేస్తే సరిపోతుంది అనిపిస్తోంది. ఏ మాటైనా ఏప్రిల్ పదిహేనులోగా చెప్పమన్నారు ఆఫీసులో. ఒక్కటి చెప్పు. తప్పు బండిదా, నడిపే మనిషి చేతులదా అని తెలుసుకునే దారి ఏమైనా ఉందా?

నీ చెల్లెలు


షెడ్డు ముందు, రేకు కుర్చీలోంచి,
మార్చి 9

నట్టుకి,

నలభై దాటిన మనిషిని పట్టుకుని ఇంకా నట్టు ఏమిటని అలగకు. గౌను జేబు నిండా నా నట్లు పోసుకుని బడికి పోయిన దానివి. ఆ రోజు మూడు చక్రాలతో నిలబడిపోయిన బండి ఓనరు నన్ను తిట్టిన తిట్లు ఇంకా చెవుల్లోనే ఉన్నాయి.

మాట పోయాక ఇంట్లో నా మర్యాద పెరిగింది. స్పానర్‌తో రేకు మీద ఒకసారి కొడితే టీ, రెండుసార్లు కొడితే మంచినీళ్లు. మూడుసార్లు కొడితే మీ వదినే వస్తుంది, ఆ స్పానర్ పట్టుకెళ్లిపోతుంది.

నిలకడగా లేదు అంటే నాకేం తెలుస్తుంది? వినపడటం లేదని ఎవరైనా వస్తే నువ్వు ఏ చెవి అని అడగవా? అలాగే నేనూ అడుగుతున్నాను. తిన్నటి రోడ్డు మీద బండి ఒకే పక్కకి లాగుతోందా? లేక ఏ పక్కకీ లాగకుండా తేలుతోందా, అంటే నువ్వు చేత్తో సర్దుతుంటేనే తిన్నగా పోతోందా? లేక వణుకుతోందా? వణుకు ఎప్పుడూ ఉంటుందా, చక్రం గుంతలో పడినప్పుడే వస్తుందా? లాగడం, తేలడం, వణకడం మూడూ మూడు రోగాలు. ఒకదాని మందు ఇంకోదానికి పనిచెయ్యదు.

ముందు నాలుగు టైర్లలో గాలి చూపించు. తర్వాత ముందు టైర్ల మీద అరచెయ్యి ఆనించి బయటి నుంచి లోపలికి ఒకసారి, లోపలి నుంచి బయటికి ఒకసారి నిమురు. ఒకవైపు నున్నగా వచ్చి రెండోవైపు రంపం పళ్లలా తగిలితే ఆ చక్రం దొర్లడం లేదు, రోడ్డుని గీకుతోందని లెక్క. వీడియోలు తీసి వదిన ఫోనుకి పంపకు. వీడియోలో బండి కనిపిస్తుంది గానీ నీ చేతికి ఏం తెలిసిందో కనిపించదు. రాయి.

చేతుల సంగతి అడిగావు. పదహారేళ్లుగా నువ్వు నడిపిన టైర్లు చూస్తున్నాను. అంత సమంగా అరిగించే డ్రైవరు నా దగ్గరికి ఇంకొకరు రాలేదు. నీ చేతులకేమీ రాలేదు. అయినా ఆ ప్రశ్న నీకెందుకు వచ్చింది?

అత్తయ్యగారిని జాగ్రత్తగా చూసుకో.

అన్నయ్య


వంటగది బల్ల దగ్గర,
మార్చి 16

అన్నయ్యకి,

గాలి సరిగ్గానే ఉంది. టైర్లు నిమిరాను. చేతులకి అంటిన నలుపు చూసి అత్తయ్య సబ్బు ముందుకి తోసింది. మాట మాత్రం అనలేదు. ఈమధ్య ఆవిడ నాతో పెద్దగా మాట్లాడటం లేదు. "అన్నం పెట్టు", "తలుపు వెయ్యి", అంతే. చెయ్యి నొప్పేమో.

నువ్వు చెప్పిన రంపం పళ్లు దొరికాయి. అత్తయ్య కూర్చునే వైపు ముందు టైరు. లోపలికి నిమిరితే పట్టులా ఉంది, బయటికి నిమిరితే గరుకుగా గోళ్లకి తగిలింది. నా వైపుది అంత లేదు. నలిగిన బంపర్ మూల అంచు తగిలి మోచెయ్యి కాస్త గీరుకుంది, పెద్ద దెబ్బ కాదులే.

బండి లాగడం లేదు. తేలుతోంది. పడవ నడుపుతున్నట్టు ఉంటుంది. నేను ఇటు కొంచెం తిప్పితే ముందు వినదు, తర్వాత ఎక్కువ వింటుంది. ఒక చక్రం గుంతలో పడితే స్టీరింగ్ రెండు చేతుల్లోంచీ ఊడి పోతుందా అన్నట్టు కొట్టుకునేది. కొట్టుకునేది అని ఎందుకన్నానంటే, పోయిన వారం కళ్లద్దాలాయన స్టీరింగ్ అదురుని అణిచే డాంపర్ కొత్తది వేశాడు. ఇప్పుడు వణుకు తగ్గింది. తేలడం అలాగే ఉంది. ముప్పై దాటించడం లేదు నేను.

ఇంకో మాట. ఆయన మీద నాకు కోపంగా ఉంది. జనవరిలో మార్చిన పాత కీలు చేతిలో తిప్పుతూ, "ఇది నిగనిగలాడుతోంది కదమ్మా, మీ అన్నయ్యకి బాగున్న వస్తువులు తీసి పారేసే సరదా ఏమైనా ఉందా?" అన్నాడు. నా ఒళ్లు మండింది. మా అన్నయ్య పారెయ్యమన్నాడంటే పారెయ్యాల్సిందే అని చెప్పి వచ్చాను.

నీ చెల్లెలు


షెడ్డు,
మార్చి 20

చెల్లాయికి,

వెంటనే జవాబు రాయి. బండి మాత్రం ఇక ఇంటి ముందు నుంచి కదపకు. ముప్పైలో కూడా వద్దు.

డాంపర్ వణుకుని దాస్తుంది, పోగొట్టదు. లోపల వదులైన కీలు వదులుగానే ఉంటుంది, నీకు తెలియకుండా పోతుంది. అది ఇంకా ప్రమాదం.

ఒకే ఒక ప్రశ్న. బాగా ఆలోచించి రాయి. నువ్వు డ్రైవరు సీట్లో కూర్చుని ఉన్నావనుకో. కళ్లద్దాలాయన మార్చిన కీలు నీ ఏ చేతి వైపుది?

బంపర్ ఎలా నలిగిందో నేను అడగను. స్నానాల గదిలో పడిన మనిషికీ బండి బంపర్‌కీ ఏం సంబంధమో కూడా అడగను. నువ్వే రాస్తావు.

అన్నయ్య


ఎముకల ఆసుపత్రిలో, వరండా బెంచీ మీద,
మార్చి 27

అన్నయ్యకి,

అత్తయ్యని కట్టు తీయడానికి లోపలికి తీసుకెళ్లారు. ఆటోలో వచ్చాం. ఆవిడ ముందు ఇది రాయలేను కాబట్టి ఇక్కడ రాస్తున్నాను.

నీ ప్రశ్నకి జవాబు, నా కుడిచేతి వైపుది. నా పక్కది. కార్డులో కుడి అని ఉంది కదా.

అత్తయ్య స్నానాల గదిలో పడలేదు. ఫిబ్రవరి ఇరవైన కొండ ఊళ్ల నుంచి ఇద్దరం తిరిగొస్తున్నాం. పొద్దుటి నుంచి ఊళ్లో ముసలమ్మలతో కబుర్లు చెప్పుకోవచ్చని తనే సరదాగా వచ్చింది. రోడ్డు ఖాళీ. అరవైలో ఉన్నాను. ఆవిడ వైపు చక్రం చిన్న గుంతలో పడింది. అంతే, స్టీరింగ్ నా చేతుల్లో కొట్టుకోవడం మొదలుపెట్టింది. బిగించి పట్టుకున్నాను, ఎంత బిగిస్తే అంత కొట్టుకుంది. బండి పక్కకి వెళ్లి కల్వర్టు గోడకి గుద్దింది. ఆవిడ ముందుకి చెయ్యి పెట్టింది. ఆ చప్పుడు నాకు వినిపించింది అన్నయ్యా. ఇంజిన్ మోతలో, అద్దం పగిలిన మోతలో, ఆ సన్నటి చప్పుడు వేరుగా వినిపించింది. చెవుల ఉద్యోగం చేసే నాకు అదొక శిక్ష.

ఇంట్లో అందరికీ స్నానాల గది అని చెబుదామని ఆవిడే అంది. మీ బావ ఓడ మీద కంగారు పడతాడని. నేను తల ఊపాను. నిజానికి నాకది సుఖంగానే అనిపించింది, సిగ్గు లేకుండా.

బండి గుద్దిన తర్వాత కళ్లద్దాలాయన దాన్ని పైకెత్తి గంట సేపు చూశాడు. కుడివైపు కీలు కొత్తది, బిగువుగా ఉంది అన్నాడు. ఎడమది పైకి బాగానే కనిపిస్తోంది, ఊపినా తెలియలేదు అన్నాడు. "కొన్నిసార్లు కునుకు పట్టేస్తుందమ్మా, అందరికీ అవుతుంది" అని మెత్తగా అన్నాడు. నాకు కునుకు పట్టలేదు. పట్టలేదనే అనుకుంటున్నాను. ఇప్పుడు అదీ నమ్మకం లేదు. ఏ కప్పు పట్టుకున్నా నా చేతుల వైపే చూసుకుంటున్నాను. ముసలివాళ్ల చెవుల్లో ఆ చిన్న యంత్రం పెట్టేటప్పుడు కూడా.

అత్తయ్య ఒక్క మాట అనలేదు. తిట్టినా బాగుండేది. అందుకే పని వదిలేస్తున్నాను. ఏప్రిల్ పదిహేనున కాగితం ఇచ్చేస్తాను. ఆవిడ బయటికొస్తోంది, ఉంటాను.

నీ చెల్లెలు


షెడ్డు,
ఏప్రిల్ 1

నట్టూ,

కాగితం ఇవ్వకు. ముందు ఇది పూర్తిగా చదువు.

నీకు కునుకు పట్టలేదు. నీ చేతులు తప్పు చెయ్యలేదు. తప్పు నాది. ఎలాగో చెబుతాను, తర్వాత నీ ఇష్టం వచ్చినంత తిట్టు.

నాన్న షెడ్డు ఎంత ఇరుకో నీకు తెలుసు. బండిని వెనక్కి తెచ్చి పెట్టేవాళ్లం, ముఖం వీధి వైపు. వెనక గోడ. మనిషి నిలబడాలంటే బానెట్ ముందే నిలబడాలి. నాన్న జీవితమంతా బండికి ఎదురుగానే నిలబడ్డాడు. ఎదురుగా నిలబడితే తన కుడిచేతి వైపు ఏది ఉంటే అదే ఆయనకి కుడి. నాకూ అదే నేర్పాడు. నీకూ అదే తెలుసు, చిన్నప్పుడు "కుడి చక్రం నట్టు" అంటే టక్కున సరైనది తెచ్చిచ్చేదానివి. లోకమంతా సీట్లో కూర్చుని కుడి అంటుంది. మన షెడ్డు కుడి, లోకానికి ఎడమ.

పోయిన ఏడాది నీ బండికి ఒక్క కీలే దొరికింది. నీ పక్కన వేశాను. అత్తయ్యగారి పక్కది ఇంకో ఆరు నెలలు ఆగుతుందనిపించి కార్డు మీద కుడి అని రాశాను. షెడ్డు కుడి. కళ్లద్దాలాయన లోకం కుడి చదివాడు. నేను వేసిన కొత్త కీలు తీసేసి ఇంకో కొత్తది వేశాడు. నిగనిగలాడుతోంది అన్నాడే, పాపం నిజమే చెప్పాడు. అరిగిందేమో అక్కడే ఉండిపోయింది.

బయటి వాళ్ల చేతికి వెళ్లే కార్డు బయటి వాళ్లకి అర్థమయ్యేలా రాయమని మీ వదిన ఎన్నిసార్లు చెప్పిందో. నాన్న మాట మార్చడమేమిటని విసుక్కునేవాణ్ని. ఇన్నేళ్లలో ఏ తప్పూ ఎందుకు జరగలేదంటే, కార్డు వెనకే ఫోన్ చేసి "బానెట్ ముందు నిలబడి చూడరా" అని అరిచేవాణ్ని. ఈసారి డిసెంబరులో గొంతు పోయింది. జనవరిలో నువ్వు సర్వీసుకి ఇచ్చావు. నేను అరవలేదు. నా అరుపే సగం కార్డని నాకు తట్టనే లేదు. కళ్లద్దాలాయన మాట నువ్వు రాసిన రోజున గుండెల్లో రాయి పడింది. అయినా ఆ కీలు నీ ఏ చేతి వైపుదో తెలిసేదాకా పైకి అనలేకపోయాను.

ఇదంతా నమ్మకు. చేత్తో చూసి నమ్ము. కళ్లద్దాలాయన చక్రం గాలిలో ఉండగా చూశాడు. బరువు దిగిపోయాక ఈ కీళ్లు కొన్ని బిగువుగా ఉన్నట్టు నటిస్తాయి. బండి నేల మీదే ఉండాలి. చక్రాల వెనకా ముందూ రాళ్లు పెట్టు, హ్యాండ్ బ్రేక్ వెయ్యి. ఇంజిన్ ఆన్ చెయ్యొద్దు, స్టీరింగ్ లాక్ వదిలేదాకా తాళం తిప్పితే చాలు. సీట్లో ఒకరు కూర్చుని స్టీరింగ్‌ని గడియారంలో పదకొండు నుంచి ఒంటిగంట దాకా అటూ ఇటూ ఆడించాలి, అంతకు మించి వద్దు. ఇంకొకరు కింద పడుకుని కీలు మీద చెయ్యి వెయ్యాలి. కీలుకి ఇటున్న కడ్డీ, అటున్న చక్రం రెండూ ఒకేసారి కదలాలి. ఒకటి ముందు, ఒకటి వెనక కదిలితే దొరికినట్టే.

దీనికి ఇద్దరు కావాలి. సీట్లో ఎవరిని కూర్చోబెడతావో నీకు తెలుసు.

అత్తయ్యగారికి నేను చేసింది మొత్తం చెప్పు. దాచకు. ఆవిడ కాళ్లకి నా తరఫున దణ్ణం పెట్టు.

అన్నయ్య


వంటగది బల్ల దగ్గర,
ఏప్రిల్ 12

అన్నయ్యకి,

నీ ఉత్తరం వచ్చాక రెండు రోజులు నీ మీద కోపంతో జవాబు రాయలేదు. మూడో రోజు కోపం నా మీదకి తిరిగింది. ఆ కార్డు వేలు పెట్టి చదివింది నేను. ఆ షెడ్డులో పెరిగింది నేను. పదహారేళ్లు సీట్లో కూర్చునేసరికి మన కుడి మర్చిపోయాను. కాబట్టి సగం నాకు వదిలెయ్, మొత్తం నువ్వే మోసెయ్యకు. అలవాటు నీకు.

అత్తయ్యకి నీ ఉత్తరం చదివి వినిపించాను. కళ్లు మూసుకుని విన్నది. అయిపోయాక, "కీలు అరిగిపోయిందా? నిజంగానా?" అని రెండుసార్లు అడిగింది. తర్వాత ఎంత మెల్లగా చెప్పిందంటే, నా చెవులే కాబట్టి వినిపించింది.

"బండి ఊగగానే భయపడి నీ మోచెయ్యి పట్టుకు లాగాను కదే. అందుకే పక్కకి పోయిందనుకున్నాను. నువ్వు మర్యాదకి నా పేరు చెప్పడం లేదనుకున్నాను. నీ ముఖం ఎలా చూడను?"

ఆవిడ నా మోచెయ్యి పట్టుకున్నట్టు నాకు గుర్తే లేదు అన్నయ్యా. నెలన్నర పాటు ఇద్దరం ఒకే బల్ల మీద ఎదురెదురుగా కూర్చుని తిన్నాం. తప్పు తనదే అనుకుని ఆవిడ, నాదే అనుకుని నేను. ఇద్దరం ఏడ్చాం. ఆ తర్వాత ఆవిడ చీర కొంగు నడుముకి దోపి, "పద, ఆ కీలు సంగతేమిటో చూద్దాం" అంది.

ఇది చెబితే నువ్వు నవ్వుతావు. ఆవిడ జీవితంలో మొదటిసారి డ్రైవరు సీట్లో కూర్చుంది. కుడిచెయ్యి ఒళ్లో పెట్టుకుని ఎడమచేత్తో స్టీరింగ్ పట్టుకుంది. నేను కింద పాత దుప్పటి మీద పడుకుని "పదకొండు" అంటే "పదకొండు" అని ఆవిడా అనడం, "ఒంటిగంట" అంటే "ఒంటిగంట" అనడం. వీధిలో పోయేవాళ్లు ఆగి చూశారు. ఒకాయన టైమెంతయిందని అడుగుతున్నామనుకుని వాచీ చూసి "నాలుగుంబావు" అని చెప్పి వెళ్లాడు.

ముందు నా పక్క కీలు మీద చెయ్యి వేశాను. రెండూ కలిసే కదిలాయి. తర్వాత అటు పాకి ఆవిడ పక్క కీలు పట్టుకున్నాను. కడ్డీ కదిలింది, చక్రం ఆగింది, ఆ తర్వాత కదిలింది. టిక్ అంది. నా బొటనవేలి కింద అంది. ఇంకోసారి ఆడించమన్నాను, మళ్లీ టిక్. "ఏమైంది, దొరికిందా?" అని పైనుంచి ఆవిడ అరుస్తోంది. దుమ్ములో అలాగే పడుకుని నా రెండు చేతులూ చూసుకున్నాను. గ్రీజుతో నల్లగా ఉన్నాయి. వణకడం లేదు.

కళ్లద్దాలాయన్ని ఇంటికే పిలిచాం. తనే కింద దూరి, చెయ్యి వేసి చూసి, కళ్లద్దాలు పైకి తోసుకున్నాడు. బండిని గాలిలోకి ఎత్తి చూడటం నా బుద్ధితక్కువ అన్నాడు. నువ్వు పారేసే సరదా ఉన్నవాడివి కాదని ఒప్పుకున్నాడు. ఆవిడ పక్క కీలు కొత్తది వేశాడు, అలైన్‌మెంట్ చేశాడు. ఆ గరుకు టైరు వెనక్కి మార్చాడు.

నిన్న ఒంటరిగా అదే రోడ్డు మీదకి వెళ్లాను. ఆ కల్వర్టు దగ్గరికి వచ్చేసరికి స్టీరింగ్ ఇంకాస్త గట్టిగా పట్టుకున్నాను. అరవైలో ఉన్నాను. అదే గుంతలో చక్రం పడింది. బండి ఒక్కసారి దులుపుకుని తిన్నగా పోయింది. ఆఫీసుకి కాగితం ఇవ్వలేదు. సోమవారం కొండ ఊళ్లకి వెళ్తున్నాను. అక్కడొక ముసలమ్మ బ్యాటరీ అయిపోయి రెండు నెలలుగా మనవరాలి కబుర్లకి ఊరికే తల ఊపుతోందట.

ఎండ తెర వెనక నీ కార్డు తీసేసి నాన్న ఫోటో వెనక దాచాను. కొత్త కార్డు రాశాను. అందులో కుడీ లేదు, ఎడమా లేదు. "స్టీరింగ్ దగ్గర నా పక్క కీలు, జనవరి. అత్తయ్య పక్క కీలు, ఏప్రిల్" అని రాశాను. ఎవరు ఎక్కడ నిలబడి చదివినా ఒకటే.

కింద అత్తయ్య రాస్తానంటోంది. ఇంకా కుడిచెయ్యి ఆడటం లేదు, ఎడమచేత్తో కష్టపడుతోంది. చదవడానికి కాస్త ఓపిక పట్టు.

నీ నట్టు

బాబూ, మీరు నా కాళ్లకి దణ్ణం పెట్టక్కర్లేదు. గొంతు జాగ్రత్త. కోడలు కార్డులో అత్తయ్య పక్క అని రాసింది. రాసినందుకైనా అక్కడ మనిషి ఉండాలి కదా. సోమవారం నేనూ వెళ్తున్నాను.